మందుకు లొంగని ఈగ

ఈగను ఎరుగని ఇల్లు లేదు. దానిని తరుమని చేయియు లేదు. ఐనను ఈ చిన్న జీవిని గూర్చి మనలో చాలమంది ఒక అభిప్రాయమును నిజమని నమ్మి, ఆ నమ్మకమునకు తగిన పనులే చేయుచు, ఈగల బాధను తగ్గించుకొనుటకు మారుగా పెంచుకొనుచున్నాము. ఆ అభిప్రాయమేది? దానిలోని పొరపాటు ఎచ్చట నున్నది? దానిని దిద్దుకొనుట వలన కలుగు ప్రయోజనమేమి? ఈ మూడు విషయములను నేటి ప్రసంగములో శ్రోతలకు విన్నవింపదలచినాము.

సాలూరు పట్టణముతో మాట మొదలుపెట్టుదము. తూర్పు కనుమల పాదమున, వేగావతి యొడ్డున ఉన్న ఈ ఊరు కొండకును పల్లమునకును నడిమి గుమ్మము వంటిది. పనసపండ్లు, అనాసపండ్లు, చింతపండు, పసుపు, అల్లము కొండ మీదినుండి సంతకు దిగును. ఉప్పు, బట్టలు, ఇతర సరకులు పల్లము నుండి పైకెక్కును. లారీల పరిశ్రమకు ఈ ఊరు పేరుపడినది. కొరాపుట్ వైపు పోవు ఘాటుదారి ఇచ్చటినుండియే ఎక్కును. పనసలు ముగ్గు కాలము వచ్చి తొలకరి చినుకులు పడినంతనే, సంతలోను, పశువుల సాలలలోను, గత్తపు కుప్పల మీదను ఈగలు ముసరును. అప్పుడు ఇంటింట మందుడబ్బాలు, పిచికారీలు బయటికి వచ్చును. ఈ ప్రాంతపు గృహిణులు మాతో తరచుగా అను మాట యొకటి కలదు: “మొదట్లో ఈ మందు కొడితే గదినిండా ఈగలు రాలేవండి. ఇప్పుడు రెండింతలు కొట్టినా నాలుగు రాల్తాయి, నలభై ఎగిరిపోతాయి. మందుకి అలవాటు పడిపోయాయండి.”

ఆ తల్లులు కన్నులార చూచినది ముమ్మాటికి నిజము. వారు చెప్పిన కారణము మాత్రము నిజము కాదు. ఈగలు మందునకు అలవాటు పడలేదు. ఈ ఒక్క మాటను సరిగా గ్రహించినచో తక్కిన విషయమంతయు సులభముగా బోధపడును.

అలవాటు అనునది ఒక ప్రాణి తన జీవితకాలములో సంపాదించుకొనునది. నల్లమందు తినువాడు ఆవగింజంతతో ఆరంభించి, ఏండ్లు గడిచిన కొలది, క్రొత్తవానిని చంపగల మోతాదును సైతము తట్టుకొనును. కాని అతని కొడుకు ఆ శక్తితో పుట్టడు. తండ్రి అలవాటు తండ్రితోనే పోవును. ఈగల సంగతి అట్టిది కాదు. మందును తట్టుకొనిన ఈగకు పుట్టిన పిల్ల, ఆ మందు వాసనయైన ఎరుగకముందే, దానిని తట్టుకొను శక్తితో పుట్టవచ్చును. అదియును గాక, ఘాటైన మందు తగిలిన ఈగ స్వల్పకాలములోనే చచ్చును, లేదా బ్రతికి బయటపడును. అలవాటు పడుటకు దానికి వ్యవధి ఎక్కడిది?

ఈ విషయమును తేటతెల్లము చేసిన ప్రయోగ మొకటి కలదు. దానిని 1960లో బెన్నెట్ అను శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. మన ఇండ్లలో మాగిన అరటిపండ్ల చుట్టు తిరుగు మిక్కిలి చిన్న పండుటీగలతో ఆయన ఈ ప్రయోగమును చేసిరి. ఏ తల్లిదండ్రుల పిల్లలను ఆ కుటుంబముగా వేరుచేసి, ఒక్కొక్క కుటుంబములోని తోబుట్టువులను రెండు భాగములుగా విభజించిరి. ఒక భాగమునకు డి.డి.టి. తగిలించిరి. రెండవ భాగమునకు తగులనీయలేదు. ఏ కుటుంబములో మందును తట్టుకొనినవి ఎక్కువగా నుండెనో కనిపెట్టి, ఆ కుటుంబములోనే మందు తగులని తోబుట్టువుల నుండి తరువాతి తరమును పెంచిరి. ఇట్లు తరతరమునకు చేయగా, తల్లి గాని, తండ్రి గాని, తాతముత్తాతలు గాని ఎన్నడును మందు ఎరుగని ఆ వంశములో మందునకు లొంగని జాతి యొకటి ఏర్పడినది. మందే ఆ శక్తిని పుట్టించినదన్నచో, మందు సోకని వంశములో అది ఎట్లు వచ్చినది? కావున ఆ శక్తి కొన్ని ఈగలలో ముందే యున్నది. మందు చేయు పని ఆ ఈగలను ఏరుట మాత్రమే.

ఏరుట యనగా నేమో మన రైతునకు వేరుగా చెప్పవలసిన పని లేదు. చోడి పండించు రైతు కోతకు ముందు చేనంతయు తిరిగి, గింజ నిండిన బలమైన వెన్నులను ఎంచి, వానిని విత్తనమునకు దాచుకొనును. మరుసటి ఏడు ఆ గుణము చేనిలో కొంత హెచ్చును. పదేండ్లు అట్లే చేసినచో చేనంతయు ఆ గుణమే నిండును. రైతు ఏ వెన్నునకును బలము నేర్పలేదు. ఉన్నదానిని ఎంచి, లేనిదానిని విడిచినాడు. పిచికారీ పట్టిన చేయి చేయుచున్నదియు సరిగా ఈ పనియే. అది మందునకు లొంగు ఈగలను చంపి, లొంగని ఈగలను విత్తనమునకు మిగుల్చుచున్నది. అనగా మనము ఈగలలో విత్తనపు ఎంపిక చేయుచున్నాము. ఐనచో ఆ ఎంపిక మనకు మేలు చేయునది కాదు.

ఇది క్రొత్తగా కనుగొనిన సంగతి కాదు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రమున పండ్లతోటలను పాడుచేయు పొలుసు పురుగులు సున్నము, గంధకము కలిపి కాచిన మందునకు చావకుండుట చూచి, మెలాండర్ అను శాస్త్రజ్ఞులు 1914లోనే పురుగులు మందులకు లొంగకుండ మారగలవా యని ప్రశ్నించిరి. 1939లో స్విట్జర్లాండు దేశీయుడైన పాల్ ముల్లర్ డి.డి.టి.కి గల కీటకనాశక శక్తిని కనుగొనిరి. అందుకుగాను 1948లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. గోడకు ఒకసారి పూసినచో నెలల తరబడి పనిచేయు మందు అంతకు మునుపు లోకమునకు లేదు. ఈగలును, దోమలును ఇక కథలలోనివే యని ప్రజలు సంబరపడిరి. కాని బహుమానము చేతికి అందకముందే, 1946లో స్వీడన్ దేశమునందును, ఆ మరుసటి సంవత్సరము ఇటలీలోను, డి.డి.టి.కి చావని ఇంటి ఈగలు కనబడినవి. డెన్మార్కు దేశపు పశుశాలలలో డి.డి.టి. తరువాత లిండేను, దాని తరువాత భాస్వరపు మందులు, ఆ పిమ్మట పైరెత్రాయిడ్ మందులు వరుసగా వచ్చినవి. ప్రతి మందును మొదట రాజ్యమేలినది. ప్రతి మందును ఈగ ముందు కొలదికాలములోనే బలహీనపడినది.

ఇక ఈగ శరీరములో జరుగునదేమో చూతము. మన శరీరములో వలెనే ఈగ శరీరములోను వార్తలు నరముల వెంట పరుగెత్తును. నరపు గోడలో అతి సూక్ష్మములైన ద్వారములు కలవు. సోడియము కణములు వాని గుండ లోనికి ప్రవేశించినప్పుడు వార్త ముందునకు సాగును; ఆ వెంటనే ద్వారము మూసికొనవలెను. డి.డి.టి. ఆ ద్వారమునకు మేకు కొట్టినట్లు అడ్డుపడి, దానిని మూసికొననీయదు. నరము విరామము లేక వార్తలు పంపుచునే యుండును. ఈగ గిలగిల కొట్టుకొని, వెల్లకిల పడి, చచ్చును. నేడు మన ఇండ్లలో వాడు మందులలో అధికభాగము పైరెత్రాయిడ్ల జాతికి చెందినవి. అవియును ఆ ద్వారమునందే పనిచేయును.

కొన్ని ఈగలలో ఆ ద్వారపు నిర్మాణమే కొంచెము భిన్నముగా నుండును. ఆ ద్వారము రెండువేలకు పైబడిన పూసలను గ్రుచ్చిన దండ వంటి మాంసకృత్తు. అందులో 1014వ స్థానమున ల్యూసిన్ అను పూసకు మారుగా ఫెనైల్ అలనైన్ అను పూస యుండినచో, మందు ఆ ద్వారమున సరిగా పట్టుకొనజాలదు. 1996లో శాస్త్రజ్ఞులు ఈ మార్పును ఈగలో కనుగొనిరి. రెండువేల పూసలలో ఒక్కటి మారినందుననే ఈగ చావు తప్పించుకొనుచున్నది. ద్వార మొక్కటే గనుక, డి.డి.టి.ని తట్టుకొనిన ఈగ తాను ఎన్నడును చూడని పైరెత్రాయిడ్లను సైతము కొంతవరకు తట్టుకొనును. తాతలనాటి మందు మనుమలనాటి మందును ముందే చెరచినది.

ఈగకు ఇది యొక్కటే ఉపాయము కాదు. కొన్ని ఈగల కడుపులో మందును విరుగగొట్టు రసములు అధికముగా నూరును. డి.డి.టి.లోని హైడ్రోజనును, క్లోరినును ఊడబెరికి, దానిని ఈగకు హాని చేయని వేరొక పదార్థముగా మార్చు రసమును 1950ల నాటికే గుర్తించిరి. మరికొన్ని ఈగల పై పొర గుండ మందు మెల్లగా దిగును. అది దిగులోపల కడుపులోని రసములు తమ పని చేసికొనును. ఇంకను కొన్ని ఈగలు మందు కలిపిన తీపి ఎరను రుచి చూచి వెనుకకు తగ్గును. ఈ గుణములలో రెండు మూడు ఒక్క ఈగయందే చేరినచో, దానికి తగిలిన మందు ఒక్కొక్క కోటగోడ వద్దను బలము కోల్పోయిన సేన వలె నీరసించిపోవును.

ఈ గుణములు తల్లిదండ్రుల నుండి బిడ్డలకు సంక్రమించు తీరును తెలిసికొనుటకు మెండెల్ 1866లో ప్రకటించిన బఠాణీ మొక్కల సూత్రములే చాలును. ప్రతి ఈగకును ప్రతి గుణమునకు రెండు ప్రతులుండును: తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి. మేము చెప్పిన నరపు ద్వారపు మార్పు రెండు ప్రతులలోను ఉన్నప్పుడే ఈగకు పూర్ణమైన రక్షణ కలుగును. ఒక్క ప్రతి మాత్రమే యున్న ఈగ ఇంచుమించు మామూలు ఈగవలెనే మందునకు చచ్చును. కాని మందు తగులనంత కాలము అది ఆ ప్రతిని రహస్యముగా మోయుచు తన సంతానమునకు అందించుచుండును.

ఒక లెక్క వేసి చూతము. ఒక ఊరిలో 1,00,000 ఈగలు ఉన్నవనియు, ఈ మార్పు చెందిన ప్రతి నూటికి ఒక్కటి చొప్పున ఉన్నదనియు అనుకొందము. ఒక్క ప్రతి గల ఈగలు ఇంచుమించు 2,000 ఉండును. రెండు ప్రతులును గలవి 10 మాత్రమే. ఊరంతయు ఒక్కసారి మందు కొట్టి, ఒక్క మూలయైన విడువలేదనుకొందము. ఆ పదియే మిగులును. “లక్షలో పది మిగిలినచో మిగులనిమ్ము” అని మనము సంతోషింతుము. కాని ఆ పదింటికి ఇప్పుడు ఊరిలోని గత్తమంతయు స్వంతము. పోటీ లేదు. తమలో తాము జతకట్టినచో పుట్టిన ప్రతి పిల్లకును రెండు ప్రతులు ఉండును. ఆడ ఈగ విడతకు నూరు, నూటయేబది గ్రుడ్లు చొప్పున, జీవితకాలములో నాలుగైదు విడతలు పెట్టును. వేసవి వేడిమిలో గ్రుడ్డు పురుగై, పురుగు గూడుకట్టి, గూటినుండి రెక్కల ఈగ వెలువడుటకు పది దినములు చాలును.

వెచ్చని ప్రాంతములలో ఈగకు సంవత్సరములో ఇంచుమించు 30 తరములు గడచును. మనుష్యులకు తరమునకు 25 ఏండ్లు చొప్పున లెక్కించినచో 30 తరములకు 750 ఏండ్లు పట్టును. అనగా రాణి రుద్రమదేవి ఓరుగల్లు నేలిన నాటినుండి నేటివరకు మన వంశములలో ఎన్ని తరములు గడచినవో, అన్ని తరములు సాలూరు సంతలోని ఈగకు ఒక్క సంవత్సరములో గడచుచున్నవి. మనము పరిశోధనశాలలలో ఏండ్ల తరబడి శ్రమించి క్రొత్త మందు చేయులోపల, ఈగ వంశమునకు మన చరిత్రయంత కాలము దొరకుచున్నది.

ఈగకు మరియొక సౌకర్యమును మనమే కల్పించినాము. దాని రెక్కలు సాధారణముగా నాలుగైదు మైళ్లకు మించి మోయవు. కాని అరటిగెలలు, పనసపండ్లు, బెల్లపు దిమ్మలు, కోళ్లు ఎక్కిన లారీలో అది టిక్కెట్టు లేకుండ వందల మైళ్లు పోగలదు. ఎక్కడనో ఒక కోళ్లఫారములో ఏండ్ల తరబడి మందు చల్లగా ఏర్పడిన లొంగని జాతి, ఘాటుదారి ఎక్కి, మందు డబ్బాయే ఎరుగని కొండపల్లెకు చేరవచ్చును. కావున మా ఊరిలో మేము ఎక్కువ మందు వాడలేదు గదా యని ఎవ్వరును నిశ్చింతగా నుండుటకు వీలులేదు.

ఈగ వచ్చి వాలినంత మాత్రమున ఇంత చర్చ ఎందుకని కొందరికి తోచవచ్చును. పెంట మీద వాలిన కాళ్లతోనే అది పెరుగుగిన్నె మీద వాలును. గట్టి పదార్థమును తినజాలదు గనుక, తన కడుపులోని ద్రవమును దానిపై కక్కి, కరిగించి పీల్చును. విరేచనములు, రక్తగ్రహణి, విషజ్వరము, కలరా మొదలగు వ్యాధుల క్రిములను అది ఇట్లు మోసికొని వచ్చును. పాలు త్రాగు పసిబిడ్డకు ఈ భయము మరింత అధికము. ఐనను ఈ ప్రసంగములో మేము ముఖ్యముగా హెచ్చరింపదలచినది ఇంతకంటె పెద్ద ప్రమాదమును గూర్చి.

సాలూరు మన్యపు పెద్దలకు చలిజ్వరము క్రొత్త కాదు. కొండ సెలయేళ్లలో పెరుగు ఫ్లూవియాటిలిస్ అను దోమయు, పల్లపు ప్రాంతములలో పెరుగు క్యూలిసిఫేసీస్ అను దోమయు ఈ జ్వరమును వ్యాపింపజేయును. 1953లో మన దేశమున జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమము ఆరంభమైనప్పుడు, దేశములో ఏటేట 7 కోట్ల 50 లక్షలమంది ఈ జ్వరమున పడుచుండిరనియు, 8 లక్షలమంది మరణించుచుండిరనియు అంచనా. ఇంటింటి గోడలకు డి.డి.టి. చల్లిరి. 1965 నాటికి జ్వరపీడితుల సంఖ్య ఇంచుమించు ఒక లక్షకు దిగినది. ఈ దేశపు ఆరోగ్య చరిత్రలో అంతటి విజయము అరుదు. కాని 1959లోనే గుజరాతు ప్రాంతపు పంచమహల్ జిల్లాలో డి.డి.టి.కి లొంగని క్యూలిసిఫేసీస్ దోమలు కనబడినవి. 1969లో మలాథియాన్ వాడుకలోనికి రాగా, 1973 నాటికి దానికిని లొంగని దోమలు బయలుదేరినవి. 1976లో జ్వరపీడితుల సంఖ్య 64 లక్షలకు మరల పెరిగినది. కార్యక్రమపు అలసత్వము మొదలగు ఇతర కారణములును దీనికి కలవు. ఐనను దోమ మందునకు లొంగకపోవుట వానిలో ముఖ్యమైనది.

ఈ కథలో ఈగకును పాత్ర యున్నది. మందు చల్లిన మొదటి సంవత్సరములలో దోమలతో పాటు ఈగలును, నల్లులును నశించుట చూచి ప్రజలు సంతోషముతో తలుపులు తెరచిరి. ఈగలు, నల్లులు మరల కనబడినంతనే “ఈ మందు పనిచేయదు, గోడలు పాడగును” అని అనేకచోట్ల తలుపులు మూసికొనిరి. ఈగ చావకున్నను దోమ చచ్చుచుండిన రోజులలో సైతము ఇట్టి నిరాకరణము జరిగినది. ఒక పురుగు లొంగకపోవుట వలన మరియొక పురుగును చంపు అవకాశము జారిపోయినది.

నేడు మన్యపు గూడెములలో పంచిపెట్టు దోమతెరలకు పట్టించు మందు పైరెత్రాయిడ్ జాతికి చెందినది. పట్టణములలో మనము ఈగల కొరకు గాలిలోనికి చిమ్ము మందులలో అనేకములును ఆ జాతివే. ఈగకు గల శక్తి దోమకు సంక్రమింపదు. అవి వేరు వేరు జాతులు. కాని ఈగను ఉద్దేశించి చల్లిన మందు ఆ గదిలోని దోమ మీదను పడును, పెరటి కాలువ మీదను పడును. దోమలలోను అదే ఎంపిక జరుగును. వంటింట నాలుగు ఈగలను రాల్చుటకు అక్కరలేకున్నను చిమ్మిన మందు, కొండమీద చలిజ్వరపు కాలమున ఒక పసిబిడ్డను కాపాడవలసిన దోమతెర బలమును కొంచెము కొంచెముగా హరించును. మందు డబ్బా మనము కొనుక్కొనినదే కావచ్చును. ఆ మందునకు గల శక్తి మాత్రము మన ఒక్కరి సొత్తు కాదు. అది ఊరుమ్మడి చెరువులోని నీరు వంటిది.

ఈ ఉమ్మడి సొత్తు తరిగిపోయినచో జరుగునదేమో తెలుగుదేశము ఒకసారి చూచినది. 1987-88లో గుంటూరు, ప్రకాశము జిల్లాల పత్తిచేలను తెల్లదోమయు, శనగపచ్చ పురుగును ముంచెత్తినవి. రైతులు మందుపై మందు కొట్టిరి. పురుగు చావలేదు. పైరెత్రాయిడ్లకు ఆ శనగపచ్చ పురుగు గట్టిగా నిలిచినదని తరువాత జరిపిన పరీక్షలలో తేలినది. మందు అప్పు తీరక, పంట చేతికి రాక, కొందరు రైతులు ప్రాణములు తీసికొనిరి. అచ్చట ఎంపిక చేసినది విధి కాదు. ఒకే జాతి మందును పదేపదే కొట్టిన పద్ధతి.

ఐనచో మనమేమి చేయవలెను? మందే వాడవలదని మేము చెప్పుట లేదు. మందు చివర రావలెను గాని మొదట రాకూడదని చెప్పుచున్నాము.

మొదటి పని గత్తము సంగతి చూచుట. ఈగ గ్రుడ్డు రెక్కల ఈగ యగుటకు ఎండకాలమున సైతము వారమునకు పైగా పట్టును గదా. కావున సాలలోని పేడను ఏ రోజున కా రోజు ఎత్తి, సంతలోని పనస తొక్కలను, పండ్ల చెత్తను, ఇంటి చెత్తను వారమునకు రెండుసార్లయిన ఊరి వెలుపలికి తరలించినచో, పెక్కు పురుగులు రెక్కలు రాకముందే ఇంటికి దూరమగును. గత్తపు కుప్పను బిగువుగా త్రొక్కి, మట్టితో గాని గట్టి పట్టాతో గాని కప్పినచో లోపల పుట్టు వేడికి పురుగు చచ్చును. పొలమునకు పోవు గత్తమును అప్పుడప్పుడు తిరుగవేసి, పైది లోనికి, లోనిది పైకి చేయుట మంచిది. ఏ ఈగయు ఈ వేడిని తప్పించుకొను గుణమును సులభముగా సంపాదింపజాలదు. శుభ్రతకు లొంగని ఈగ ఇంతవరకు పుట్టలేదు.

గత్తపు కుప్ప మీద పురుగుమందు పోయుట కొన్నిచోట్ల ఆచారముగా నున్నది. అది అన్నిటికంటె చెడ్డ పద్ధతి. కుప్పలోని ప్రతి పురుగును ఆ మందునకు గురియగును. లొంగునవి యన్నియు చచ్చి, లొంగనివి మాత్రమే ఊరిమీదికి వెలువడును. పైగా ఈగ పురుగులను తిను చిన్న కందిరీగలు, నల్లులవంటి సూక్ష్మజీవులు ఆ మందుకు ముందుగా నశించును. మందు తగులని మామూలు ఈగలు కొన్ని మిగిలి, లొంగని ఈగలతో జతకట్టుట మనకు మేలే. ఆ జంటకు పుట్టిన పిల్లలకు ఒక్క ప్రతియే యుండును గనుక, అవసరపడిన నాడు మందు వానిపై పనిచేయును.

రెండవ పని మూత. అన్నపు గిన్నె మీద మూత, పాలకుండ మీద పలుచని గుడ్డ, మిఠాయి అంగడికి అద్దపు బీరువా, వంటింటి కిటికీకి సన్నని వల, పసిబిడ్డ నిదురించునప్పుడు తెర. జిగురు పూసిన కాగితములు, ఈగల బోనులు గూడ మంచి సాధనములే. వీనికి ఖర్చు ఒక్కసారియే. వీనికి లొంగకుండ తప్పించుకొను వంశమును పెంచుకొనుట ఈగకు కష్టము.

ఇవన్నియు చేసిన తరువాతను ఈగలు ముసరినచో మందు వాడవలసి యుండును. అప్పుడు డబ్బా మీది వ్యాపారనామమును కాక, చిన్న అక్షరములలో వ్రాసిన మందు పేరును చదువవలెను. అలెత్రిన్, సైపర్మెత్రిన్, డెల్టామెత్రిన్ వలె ‘త్రిన్’ అని ముగియు పేర్లు సాధారణముగా ఒకే కుటుంబమునకు చెందినవి. ఒక డబ్బా పనిచేయలేదని మరియొక రంగు డబ్బా కొని, దానిలోను ‘త్రిన్’ యే యున్నచో, మనము మార్చినది రంగే గాని మందు కాదు. పనిచేయని మందును రెండింతలు, మూడింతలు కొట్టవలదు. దానివలన ఈగలలో ఎంపిక మరింత తీవ్రమగును, ఇంటిలోని పసిబిడ్డలకు హానియు కలుగును. పంటకు వాడు మందును ఇంటిలోను, పశువుల సాలలోను వాడుట ఎన్నడును కూడదు. పశుశాలలు, కోళ్లఫారములు, సంతలు నిర్వహించువారు ఆరోగ్య, పశువైద్య శాఖల వారిని సంప్రదించి, కుటుంబము మారునట్లుగా మందులను వంతులవారీగా వాడుట యుక్తము. గాలినిండ చిమ్ముటకంటె, ఈగలు వాలు చోట ఎరగా పెట్టుట మేలు.

లొంగని గుణము ఒకసారి ఏర్పడిన పిమ్మట మందు మానినంతనే మాయమగునని ఆశపడుట తగదు. మందు ఆపినచో ఆ గుణము మెల్లగా తగ్గవచ్చును. కాని ఆ ప్రతులు జాతిలో రహస్యముగా మిగిలియే యుండి, మందు తిరిగి కొట్టిన నాడు వేగముగా తల యెత్తును. కావున చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట ఈ విషయమున ఏమాత్రమును పనికిరాదు. లొంగకముందే జాగ్రత్త పడవలెను.

ముందు గత్తము, పిదప మూత, కట్టకడపట మందు: ఈ వరుసను గృహిణులు ఇంటను, పంచాయతీ పెద్దలు ఊరను పాటించినచో, ఈగల సంఖ్య తగ్గును, మందునకు గల శక్తి నిజముగా కావలసిన నాటికి, నిజముగా కావలసిన చోట మిగులును. ఆ చోటు మన ఇల్లే కావచ్చును, లేదా ఘాటుదారికి పైన మనము ఎన్నడును చూడని ఒక గూడెపు గుడిసె కావచ్చును.